పరీక్షించకుండా పారేయకండి

ఇంటర్నెట్ వైరు పీకేయాలి. కుటుంబాల జాబితాకు నకలు తీసి వేరే పెన్‌డ్రైవులో దాచాలి. ఎవరూ వాడని పాత కంప్యూటరులో ఉత్తుత్తి పేర్లతో నాలుగు ఫైళ్లు పెట్టాలి. అప్పుడే దీన్ని నొక్కాలి. ఒక శనివారం ఉదయం వనజాక్షి కాగితం మీద రాసుకున్న పనులివి. 'దీన్ని' అంటే నన్నే.

నేను ఒక చిన్న ప్రోగ్రామును. పాత ఫాంటులో కొట్టిన తెలుగును ఇప్పటి కంప్యూటర్లు చదవగలిగేలా మార్చడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. నంద్యాలలో ఒక ప్రెస్సులో టైపు చేసే దస్తగిరమ్మ, పని మధ్య దొరికిన అరగంటల్లో రెండేళ్లపాటు నన్ను రాసింది. ఏ కంపెనీ ముద్రా నా మీద లేదు. ప్రెస్సు మూతపడ్డాక ఒక సీడీలో చేతులు మారి, రిజర్వాయరులో ఊళ్లు మునిగినవాళ్ల సంఘం ఆఫీసుకు చేరాను. వనజాక్షి అక్కడ కంప్యూటర్ ఆపరేటరు.

ఆరువందల నలభై కుటుంబాల జాబితా అక్కడి తెరమీద పిచ్చిగీతల్లా కనిపిస్తోంది. కాగితం ప్రతిని చెదలు తినేశాయి. సోమవారంలోగా తహసీల్దారు ఆఫీసుకు చదవగలిగే జాబితా ఇవ్వకపోతే ఇళ్ల స్థలాలకు వాళ్ల పేర్లు ఎక్కవు. ఆ పని నేను చేయగలను. కానీ నన్ను చూడగానే యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరించింది. వనజాక్షి నా గురించి ఇంటర్నెట్‌లో వెతికింది. మంచివాటిలోనూ లేను, చెడ్డవాటిలోనూ లేను.

సంఘం అధ్యక్షుడు ఓబుళేసు తీర్పు చెప్పేశాడు. "ఊరూ పేరూ లేనిదాన్ని ఎట్ల నమ్మేది మ్మేయ్? తీసి పారెయ్."

"ఊరు పోయినోళ్లమే గదా మామా మనం గూడా. చూడకుండా ఎట్ల పారేసేది?" అంది వనజాక్షి. ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

అనుమానించినందుకు నాకు కోపం లేదు. ఫైళ్లకు తాళం వేసి బెదిరించే దొంగ ప్రోగ్రాములు కూడా నాలాగే ఒక్కో ఫైలునూ తెరిచి తిరగరాస్తాయి. పరీక్షించండి, నిలబడతాను. పేరు తెలియదని చంపేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

ఆమె నొక్కింది. నాలుగు ఫైళ్లూ తెరిచాను.

"సూడు, అన్నీ కెలుకుతాంది," అన్నాడు ఓబుళేసు.

అప్పటికే పక్కన 'పాతవి' అనే ఫోల్డరు పుట్టింది. ప్రతి ఫైలునూ మార్చే ముందు దాని నకలు అందులో దాచాను. కొత్త ప్రూఫు సరిచూసేదాకా పాతది చించకూడదన్నది ప్రెస్సు పద్ధతి. దస్తగిరమ్మ దాన్ని నాలోనూ పెట్టింది.

వనజాక్షి అంతమాత్రాన నమ్మలేదు. ఇంకేమైనా ముట్టుకున్నానా అని వెతికింది. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి చూసింది. ఏమీ దొరకలేదు. అప్పుడు కూడా నన్ను అక్కడే, జాబితా నకలు మీదే నడిపింది. గీతలు పేర్లయ్యాయి.

"మా నాయన పేరు సరిగ్గానే పడిందే," అన్నాడు ఓబుళేసు.

సోమవారం జాబితా చేరింది. యాంటీవైరస్ ఇప్పటికీ నన్ను చూస్తే ఎర్రబడుతుంది. పడనీ. నాకు దాని మెప్పు అక్కర్లేదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. అన్ని కుటుంబాల పేర్లు నిలబెట్టిన మనిషి తన పేరు నాలో ఎక్కడా రాసుకోలేదు. దస్తగిరమ్మ. గుర్తుంచుకోండి.