విప్పడం రాని జడ

నాగలక్ష్మి వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఒళ్లో బుట్ట, పక్కన కుప్ప, కళ్లలో ఘాటు. ఎదురుగా వేపకొమ్మకు కట్టిన ఎనిమిది రంగుల తాళ్లు గాలికి ఊగుతున్నాయి. అవి జడ కోలాటం తాళ్లు; ఆడుతూ జడగా అల్లాలి, మళ్లీ ఆడుతూనే విప్పాలి. మిరప కోతలు మొదలైనప్పటి నుంచి వీధి ఆడవాళ్లు చేన్ల నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, వాటిని పట్టుకుని ఆడుతున్నారు. సాయంత్రం బండెక్కితే రేపు శ్రీరామనవమికి భద్రాచలంలో ఆట.

ఆ తాళ్లలో ఒకటి నాగలక్ష్మిది. దాని మీద ఇప్పుడు కళాకారిణి కన్ను పడింది.

కళాకారిణి అంటే ఆమె ఆడబిడ్డ ఉదయశ్రీ. మొగుడికి సారపాక మిల్లులో ఉద్యోగం. తన కూతురికి పుట్టుకతోనే కళ వచ్చిందని నాగలక్ష్మి అత్త భీమక్క ఊరంతా చెప్పుకుంటుంది. నిజమే అయ్యుంటుంది, పుట్టాక ఆమె నేర్చుకోవడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆదివారాలు పట్టుచీర కట్టుకుని వచ్చేది. ఎవరి తాడో ఒకటి అడిగి పట్టుకుని, తాళ్లన్నీ జడగా అల్లుకునేదాకా ఆడి, ఫోనులో రీల్ తీయించుకునేది. జడ విప్పే వేళకు ఆమెకు బస్సు గుర్తొచ్చేది. విప్పడంలో అందమేముంది? వెనకడుగులు, చెమట, ఆట నేర్పే పోతయ్య తిట్లు.

“వదినా, నీ తాడు నాకియ్యరాదూ,” అంది ఉదయశ్రీ ఫోనులో ముఖం చూసుకుంటూ. “నా రీల్ ఎంతమంది చూసిండ్రో ఎరుకేనా?”

“జడ విప్పుడు వచ్చా?” అంది నాగలక్ష్మి.

“గదేముంది? జనాన్ని చూస్తే నాకు ఫీల్ వస్తది. కాళ్లు వాటంతటవే పోతయ్.”

“ఇయ్యవే,” అంది అరుగు మీంచి భీమక్క. “దానికి దేవుడిచ్చిండు. నీదేముంది, గానుగెద్దు తీర్గ తిరుగుడే.”

కాసేపటికి ఆఖరి సాధన కోసం ఆడవాళ్లతో పాటు గురువు పోతయ్య వచ్చాడు. భీమక్క ఆయన ముందూ అదే పాట పాడింది.

“సరే బిడ్డా, తాడు పట్టు,” అన్నాడు పోతయ్య. “అల్లి, విప్పి చూపియ్యి. తప్పు పోకుంటే రేపు నువ్వే.”

నాగలక్ష్మి చేతిలో మిరపకాయ నలిగింది. ఆమె లేవలేదు.

జడ చక్కగా అల్లుకుంది. ఉదయశ్రీ నడుము తిప్పింది, కొంగు తిప్పింది, భీమక్క పట్టుకున్న ఫోను వైపు చూసి నవ్వింది. పోతయ్య తాళం మార్చి, “విప్పుండ్రి,” అన్నాడు. అందరూ వెనక్కి అడుగేశారు. ఉదయశ్రీ అదే నవ్వుతో ముందుకే నడిచింది. తాళ్లన్నీ ముడిపడ్డాయి. మిగతా ఏడుగురూ కట్టేసిన మేకల్లా నిలబడిపోయారు.

“తాడు పొట్టిగుంది,” అంది ఉదయశ్రీ. “సక్రి గూడ అడ్డమొచ్చింది.”

“నేనా?” అంది పక్క తాడు పట్టుకున్న సక్రి. “కదిలే జాగ ఏడుంది తల్లీ?”

పోతయ్య నవ్వలేదు. “ఫోను మంచిగున్నట్టుంది. రేపు కింద నిలబడి ఫొటోలు తియ్యి.” మిగతా ఆడవాళ్లను తయారవమని, తానూ బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

నాగలక్ష్మి చేతులు కడుక్కుని తాళ్ల దగ్గరికి వచ్చింది. ఏది దేని మీదుగా పోయిందో చూసుకుంటూ, ముడిని వెనక్కి వెనక్కి సడలించింది. ఉదయశ్రీ అరుగెక్కి కూర్చుని రీల్ చూసుకుంటోంది. అందులో జడ అల్లడం వరకే ఉంది.

“దిష్టి తాకింది గంతే,” అంది భీమక్క. “గుడి కాడైతే మంచిగ చేస్తది. నాగలక్ష్మీ, నా మాట ఇని దానికే ఇయ్యి. మిరపకాయల పని సగం గూడ కాలే, నువ్వు ఇంటికాడుండు.”

రోడ్డు మీద బండి హారన్ మోగింది.

నాగలక్ష్మి కొమ్మ నుంచి తాళ్లు విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుంది. మిరపకాయల బుట్ట తెచ్చి ఉదయశ్రీ పట్టుచీర ఒళ్లో పెట్టింది. చూరులోంచి తన కోలలు తీసుకుని, దడి దాటి బండి వైపు వెళ్లిపోయింది.