ఎస్కిల్ రాసిన పదకొండు పద్ధతులు

ఎస్కిల్ బ్రున్ తన ప్రోగ్రాంకు వీబె అని పేరు పెట్టుకున్నాడు. డేనిష్ వాళ్లు తీతువు పిట్టను ఆ పేరుతోనే పిలుస్తారు. కాళ్లకు నంబర్ల ఉంగరాలు తొడిగి వదిలిన పక్షుల వివరాలను అది వరసలో పెడుతుంది. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేస్తే చాలు, ఫలానా ఉంగరం ఉన్న పిట్ట ఎప్పుడెప్పుడు వలలో పడిందో, పడినప్పుడల్లా ఎంత బరువుందో చూపిస్తుంది. ఉచితం. లోపలి రాత అంతా నెట్‌లో తెరిచే ఉంటుంది, కావలసిన వాళ్లు చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. మొత్తం కలిపి మూడు వందల లైన్లు. పదేళ్ల కిందట ఈస్టర్ సెలవుల్లో జలుబు చేసి ఇంట్లో కూచున్నప్పుడు నాలుగు రోజుల్లో రాసేశాడు.

దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో చెప్పే పేజీకి మాత్రం మిగతా పదేళ్లూ పట్టాయి.

మొదట్లో ఆ పేజీలో ఒకే పద్ధతి ఉండేది. తరవాత ఎవరో తమ కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాంల దుకాణంలో వీబె దొరకడం లేదని రాశారు. ఎస్కిల్ రెండు వారాలు కష్టపడి అందులో పెట్టాడు. ఇంకొకరు తమది వేరే దుకాణం అన్నారు. అందులోనూ పెట్టాడు. బ్రెమెన్ నుంచి ఒకాయన, వీబెను ఒక పెట్టెలో బిగించి, ఆ పెట్టెలోనే దానికి కావలసిన సరంజామా అంతా సర్ది ఇస్తే బాగుంటుందని మూడు పేజీల ఉత్తరం రాశాడు. ఎస్కిల్‌కు ఆ ఉత్తరం చదివి ఒళ్లు పులకరించింది. తన ప్రోగ్రాం గురించి మూడు పేజీలు రాసిన మనిషి అంతకు ముందెవరూ లేరు. పగలు ఆర్హుస్ నగరపాలక కార్యాలయంలో పార్కింగ్ అనుమతుల బల్ల దగ్గర కూచుని, సాయంత్రాలు ఇంట్లో కొత్త కొత్త ఇన్‌స్టాల్ పద్ధతులు తయారు చేసేవాడు. పదకొండో పద్ధతి పూర్తయిన రోజు తనకు తనే ఒక కేకు తెచ్చుకుని తిన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అది చెప్పుకోదగ్గ విషయం కాదని అతనికీ తెలుసు.

సెప్టెంబరు మొదటి వారంలో ఫోను వచ్చింది. పశ్చిమ తీరాన ఇసుకదిబ్బల మీద ఉన్న ఒక చిన్న పక్షుల కేంద్రం నుంచి. మాట్లాడిన ఆవిడ పేరు గూడ్రున్. డెబ్బై ఒక్కేళ్లు. ఒకప్పుడు స్కూల్లో డేనిష్ పాఠాలు చెప్పేది, ఇప్పుడా కేంద్రాన్ని నడిపిస్తోంది.

"నీ ప్రోగ్రాం మా కంప్యూటర్లోకి ఎక్కడం లేదు నాయనా," అంది.

"అలా అవడానికి లేదండీ. పదకొండు పద్ధతులున్నాయి."

"ఆరు చూశాను."

"అయితే ఇంకా ఐదున్నాయి కదండీ," అన్నాడు ఎస్కిల్.

"శనివారం నీకేమన్నా పనుందా?" అంది గూడ్రున్.

పని లేదు. శనివారం పొద్దున్నే రైలెక్కి, తరవాత బస్సు మారి, చివరి రెండు కిలోమీటర్లు గాలికి ఎదురు నడిచి వెళ్లాడు. దారి పొడుగునా లోపల ఒక సంబరం. డాక్టరు స్వయంగా రోగి ఇంటికి వెళుతున్నట్టు అనిపించింది. సంచిలో తన కంప్యూటరు, రెండు తీగలు, ఒక పెన్ డ్రైవ్. పావుగంటలో పని ముగించి, ఆవిడ పెట్టే కాఫీ తాగి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేయాలనుకున్నాడు. ఆవిడ ధన్యవాదాలు చెబుతుంటే ఎలా వినయంగా నవ్వాలో కూడా బస్సు కిటికీలో చూసుకున్నాడు.

కేంద్రం అంటే తారు పూసిన ఒక చెక్క ఇల్లు. లోపల పొడుగాటి బల్ల, దాని మీద తూకం, ఉంగరాల దండలు, గుడ్డ సంచుల్లో కదులుతున్న పిట్టలు. బల్ల చివర కంప్యూటరు. ఏదో స్కూలు వాళ్లు వద్దనుకుని ఇచ్చేసినది. దాని పక్కన ఆలుఫ్ అనే ఆయన కూచుని పిట్టల రెక్కలు కొలుస్తున్నాడు. ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఉత్తరాలు పంచి పదవీ విరమణ చేసిన మనిషి.

"నువ్వేనా పదకొండు పద్ధతులాయన," అన్నాడు ఆలుఫ్ తలెత్తకుండానే.

ఎస్కిల్ కుర్చీ లాక్కుని కూచున్నాడు. అన్నిటికంటే తేలికైన మొదటి పద్ధతితో మొదలుపెట్టాడు: పేజీలో ఉన్న ఒక్క లైను తెచ్చి నల్ల తెర మీద అతికించడమే. అతికించాడు. ఈ చోటును నమ్మడానికి వీల్లేదంటూ కంప్యూటరు మొండికేసింది. పది నిమిషాలు తల గోక్కున్నాక కంప్యూటర్లో తారీకు చూశాడు. పదమూడేళ్లు వెనక ఉంది. లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ కంప్యూటరు దృష్టిలో ఎస్కిల్ పేజీ ఇంకా పుట్టలేదు. తారీకు దిద్ది మళ్లీ అతికించాడు. ఈసారి నమ్మింది కానీ, తన వయసు మిషన్లకు ఇది పనికిరాదని చెప్పి ఆగిపోయింది.

"ఏమంటోంది?" అంది గూడ్రున్, ఒక పిట్టను తలకిందులుగా తూకం గొట్టంలో దించుతూ.

"చిన్న ఇబ్బంది. రెండో పద్ధతి ఉంది."

రెండో పద్ధతిలో దుకాణం తలుపు తెరుచుకోలేదు. అంత పాత కంప్యూటర్లకు సరుకు ఇవ్వడం ఎప్పుడో మానేశారు. మూడోది ఇంకో ప్రోగ్రాం కొత్త రకం కావాలంది. ఆ కొత్త రకానికి వేరొకటి కొత్తది కావాలి. ఆ వేరొకదానికి కంప్యూటరే కొత్తది కావాలి. నాలుగోది, ఐదోది కూడా అక్కడికే వచ్చి ఆగాయి. బ్రెమెన్ ఆయన పెట్టె పద్ధతికి నెట్ నుంచి దించుకోవలసిన సరంజామా ఎంతుందో చూసి ఎస్కిల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ నెట్ ఎలా వస్తుంది?"

"నా ఫోన్లోంచి," అన్నాడు ఆలుఫ్. "కిటికీలో పెడితేనే వస్తుంది. ఎంత కావాలేం?"

ఎస్కిల్ చెప్పాడు.

"నీ ప్రోగ్రాం అంత పెద్దదా?"

"కాదు. ప్రోగ్రాం చిన్నదే. మిగతాదంతా దాని సామాను."

"పిట్ట ఐదు గ్రాములు, పంజరం ఐదు టన్నులు," అన్నాడు ఆలుఫ్, ఎదుటి పిట్ట రెక్క కొలిచి పుస్తకంలో రాసుకుంటూ.

పదకొండో పద్ధతి కూడా అయిపోయేసరికి ఎస్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. గూడ్రున్ రై రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్కలూ ఉల్లిపాయా పేర్చి అతని ముందు పెట్టింది. దాని పక్కన రెండు వస్తువులు పెట్టింది. ఒకటి కేంద్రం దినచర్య పుస్తకం. అందులో పిట్టల నమోదుల మధ్య ఆవిడ తన ప్రయత్నాలు కూడా రాసింది: తారీకు, వేళ, వాయవ్య గాలి, వీబె నాలుగో పద్ధతి, ఎక్కలేదు. రెండోది ఎస్కిల్ పేజీ, కాగితం మీద అచ్చు తీసినది. నిండా ఎర్ర సిరా.

"ముప్పై ఎనిమిదేళ్లు పిల్లల వ్యాసాలు దిద్దాను. చెయ్యి ఊరుకోలేదు," అంది గూడ్రున్. "‘అంతే’ అన్న మాట ఇరవై మూడు సార్లు వాడావు. ఈ లైను అతికించండి, అంతే. ఈ ఫైలు మార్చండి, అంతే. అతికించాక నాకేమో మధ్యాహ్నం పోయింది, నీకేమో అంతే."

ఎస్కిల్ కాగితం తిరగేశాడు. తన పేజీని తను రాయడమే తప్ప, ఒక్కసారన్నా మొదటినుంచి చివరిదాకా, ఇంకొకడి కంప్యూటరు ముందు కూచుని చదవలేదని అప్పుడు తెలిసింది. ఏడో పద్ధతి దగ్గర ఆవిడ అంచున ‘ఎవరితో మాట్లాడుతున్నావు?’ అని రాసింది. సమాధానం అతనికి తెలుసు. బ్రెమెన్ ఆయనతో.

"ఒక మాట అడుగుతాను, తెలివితక్కువదైతే ఏమనుకోకు," అంది గూడ్రున్. "నీ కంప్యూటర్లో అది పనిచేస్తుందిగా? ఆ ఫైలేదో ఆ పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇందులో వెయ్యలేవా?"

"అలా ఎవరూ చెయ్యరండీ."

"ఎందుకని?"

ఎస్కిల్ ఆ ఒక్క ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసి, పాత కంప్యూటర్లోకి ఎక్కించి, పేరు టైపు చేశాడు. వీబె లేచి, అందులో ఉన్న కేంద్రం పక్షుల లెక్కలు తెరిచింది. పదేళ్ల కిందట రాశాక అతను ఆ ఫైలును ముట్టుకోలేదు కాబట్టి, అది పాత కంప్యూటరుకు సరిగ్గా సరిపోయింది. అక్కరకొచ్చింది తన శ్రమ ఏమీ కాదు, తన బద్ధకం. ఆ సంగతి గ్రహించి కూడా ఎస్కిల్ ఒక క్షణం గర్వంగా అటూ ఇటూ చూశాడు.

"అబ్బ, బాగుంది," అంది గూడ్రున్. "ఇప్పుడు ఈ నంబరు కొట్టు."

ఆవిడ చెప్పిన నంబరు కొట్టాడు. తెర మీద ఒక పిట్ట చరిత్ర వచ్చింది. మార్చిలో ఫూలెకొంగె, అంటే పిట్టలరాజు, ఐదున్నర గ్రాములు. అక్టోబరులో అదే ఉంగరం, బూడిద కొంగ, కిలోన్నర.

"బాగా తిన్నట్టుంది," అన్నాడు ఆలుఫ్.

ఎస్కిల్‌కు విషయం వెంటనే అర్థమయింది. చిన్న ఉంగరాల నంబర్ల ముందు సున్నాలుంటాయి. వీబె ఆ సున్నాలు తీసేస్తోంది. రెండు పక్షులు ఒకటైపోతున్నాయి.

"ఇది నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

గూడ్రున్ కళ్లజోడు సర్దుకుంది. "నాలుగేళ్ల కిందట రాశాను నాయనా. నీ పేజీలోనే, ఫిర్యాదులు రాసే చోట. మరుసటి రోజే జవాబిచ్చావు, పాపం. వేరే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి చూడండి అన్నావు. ఫిర్యాదు మూసేశావు. అందుకే కదా ఒక్కో పద్ధతీ చూసుకుంటూ వస్తున్నాను. మధ్యలో అప్పటి కంప్యూటరు పోయింది. దీన్లోకైతే అసలు ఎక్కనే లేదు."

ఎస్కిల్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. నాలుగేళ్లు. తను కేకు తిన్న రోజున కూడా ఈవిడ ఇక్కడ, వాయవ్య గాలిలో, తన మాట నమ్మి ఐదో పద్ధతో ఆరో పద్ధతో చూస్తూ ఉండి ఉంటుంది. క్షమించమని అడుగుదామనుకుంటే, నోట్లో చేప ఉంది. మింగేలోగా ఆవిడ వలలు చూడ్డానికి బయటికి వెళ్లిపోయింది.

"దిద్దడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు ఆలుఫ్.

"ఇరవై నిమిషాలు."

"నీ లెక్కనా, మా లెక్కనా?"

రెండు గంటలు పట్టింది. రెండు లైన్లు మార్చాడు. మొదటిది తప్పు, దాన్ని సరిచేసినది రెండోది. గూడ్రున్ తన పుస్తకం లోంచి నంబర్లు చదువుతుంటే ఎస్కిల్ కొడుతూ పోయాడు. కొంగలు కొంగలుగా, పిట్టలరాజులు పిట్టలరాజులుగా విడిపోయాయి. మొత్తం పద్దెనిమిది పక్షులు తమ తమ ఒళ్లలోకి తిరిగి వచ్చాయి. మధ్యాహ్నం బస్సు ఎప్పుడో పోయింది. ఆలుఫ్ తన కారులో స్టేషను దాకా దింపాడు, దిగుతుంటే, "పదకొండు గుమ్మాలు పెట్టావు. గది ఒక్కటే. అది కూడా ఇవాళే ఊడ్చావు," అన్నాడు. కోపంగా అనలేదు. ఎస్కిల్ నవ్వి తలుపు వేశాడు. వేస్తూ కోటు అంచు ఇరికించుకున్నాడు.

ఆదివారమంతా కూచుని పేజీలోంచి పదకొండు పద్ధతులూ తీసేశాడు. ఫైలు దించుకోండి, నడపండి, పనిచేయకపోతే నాకు ఫోను చేయండి అని మూడు లైన్లు పెట్టాడు. ‘అంతే’ అని రాయబోయి చెరిపేశాడు. సోమవారానికి కోపతాపాల ఉత్తరాలు వచ్చాయి. బ్రెమెన్ ఆయన ఈసారి ఐదు పేజీలు రాశాడు. మీ పెట్టె పద్ధతిని మీరే చూసుకోండి అని ఎస్కిల్ మర్యాదగా తాళాలు అప్పగించాడు. ఆయన మహదానందంగా తీసుకున్నాడు.

తరవాత, ఇన్నేళ్లూ తను మూసేసిన ఫిర్యాదుల జాబితా తెరిచాడు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడండి అని జవాబిచ్చినవే నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటికంటే పాతది ఏడేళ్ల నాటిది, ఫిన్లాండ్ నుంచి ఒకావిడ రాసినది. తప్పు నాదేననీ, ఇప్పుడు చూస్తాననీ ఆవిడకు రాశాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

‘ఫర్వాలేదు. నేను పక్షులు మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు తేనెటీగలు పెంచుతున్నాను. మీ ప్రోగ్రాం తేనెటీగలకు పనిచేస్తుందా?’

పనిచేయదని ఎస్కిల్ రాశాడు. పంపేశాక కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడు. మీ దగ్గర ఎలాంటి లెక్కలు రాసుకుంటారో ఒక పేజీ పంపగలరా అని ఇంకో ఉత్తరం రాసి, ఈసారి పంపే ముందు మొదటినుంచి చివరిదాకా చదువుకున్నాడు.