మంట లేని కాలు

ఖతార్‌లోని లుసైల్‌లో హోటల్ కడుతున్న కంపెనీకి వరల్డ్ కప్ తొందర పట్టుకుంది. ఇంజనీర్లు రోజూ వచ్చి ఇనుప రాడ్లను పరీక్షించేవారు. ఆ రాడ్లు కట్టేవాళ్ళ నెత్తురు పరీక్షించినవాడు ఒక్కడూ లేడు.

క్యాంప్‌లో ఒకే గదిలో ఉండే రాజేశం, ఏసోబు ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరికీ షుగర్. ఒకే మెస్సు అన్నం, ఒకే ఎండ. తేడా ఇళ్ళ దగ్గరుంది. జగిత్యాల రాజేశం బిడ్డ సుహాసిని నర్సింగ్ చదివి కరీంనగర్‌లో డ్యూటీ చేస్తోంది. కోనసీమ ఏసోబు కొడుకు దావీదు ఎనిమిదిలోనే బడి మానేసి చేపల చెరువుల మీద పనికి పోతున్నాడు.

సెలవు మీద వచ్చిపోయేవాళ్ళ చేత సుహాసిని తండ్రికి గోలీలు పంపేది. ఎన్ని పంపినా ఆయన షుగర్ దిగడం లేదు. ఆ శుక్రవారం వీడియో కాల్‌లో నిలదీసింది.

"నిజం చెప్పు బాపూ. రెండు పూటలా ఏస్కుంటున్నవా?"

"ఆఁ బిడ్డా. పొద్దుగాలది నేను, మాపటిది ఏసోబు."

"పంచుకునేటందుకు అవేమన్న బీడీలా?"

"ఆయినె సూస్తుంటె నేనొక్కన్నే ఎట్ల మింగాలె?"

"పరీక్ష చేయకుంట ఆయినకు ఇయ్యద్దు. కిడ్నీలు ఎట్లున్నయో ఏమో!"

పక్క మంచం మీంచి ఏసోబు నవ్వాడు. "పరీక్షా? హెల్త్ కార్డు అడిగితే, హోటల్ అప్పజెప్పాక చూద్దాం, యల్లా, పనికి పో అన్నాడు ఫోర్‌మన్. క్యాంప్ కాంపౌండర్‌కి పెనడాల్ తప్ప ఇంకో బిళ్ళ తెలీదమ్మా."

"కాళ్ళు మంటలున్నయా కాకా?"

"అస్సల్లేవు. మొన్న మేకు దిగినా, బూటు విప్పేదాకా తెలీలేదు!" గొప్పగా చెప్పాడు. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టే అనుకున్నాడు. అది కాదని అతనికి చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?

సుహాసిని ముఖం మారిపోయింది. "కాలు సూపెట్టు కాకా."

రాజేశం ఫోన్‌ను అరికాలి దగ్గర పెట్టాడు. బొటనవేలి కింద పుండు. చుట్టూ నలుపు.

"ఇయ్యాల్నే దవాఖానకు పోవాలె. లేకుంటె కాలు తీసేస్తరు!"

"కార్డు లేకపోయినా చూస్తారేమో గానీ, కాలు ఇలా ఉందని తెలిస్తే కంపెనీవాళ్ళు నన్ను ఇంటికి పంపేస్తారు తల్లీ. మన పక్క గది గంగాప్రసాద్‌ని ఇలాగే పంపలా?"

"పోనియ్ తమ్మీ, కాలుంటె సాలు," అన్నాడు రాజేశం.

"నీకేం అన్నా, నీ కూతురు ఉద్యోగం చేస్తోంది. నేనెళ్ళి ఏం తినాలి?"

రాజేశం తల దించుకున్నాడు. చివరికి ఏసోబే మెత్తబడ్డాడు. "మా దావీదుతో మాట్లాడమ్మా. వాడు వెళ్ళమంటే వెళ్తా."

ఆమె వెంటనే నంబరు తీసుకుంది. ఎంతసేపు మాట్లాడిందో గానీ, ఆ తర్వాత దావీదు ఫోన్ చేశాడు. ఏసోబు స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, ఎవరో నర్సక్క ఫోన్ చేసింది. ఇన్ఫెక్షన్ అంది, నరాలు చచ్చాయంది, ఇంకా ఏదేదో చెప్పింది. నాకు భయమేసింది. నొప్పుందా నీకు?"

"లేదురా."

"నొప్పి లేదా? మరి కాలు తీసేస్తారంటదేంటి! నువ్వు ఆసుపత్రికెళ్ళకు నాన్నా, అక్కడ కోసేస్తారు. పసుపు పెట్టుకో."

"అలాగేరా. అన్నం తిన్నావా?"

ఫోన్ పెట్టేసి ఏసోబు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "విన్నావా అన్నా? పసుపు చాలంట."

రాజేశం మళ్ళీ చెప్పాడు. బతిమాలాడు, తిట్టాడు. "మా వాడికన్నా మీ అమ్మాయికి ఎక్కువా నా మీద?" అన్నాడు ఏసోబు. ఆ కొడుక్కి తండ్రి మీద ప్రేమ తక్కువేం కాదు. ఆ సంగతి రాజేశానికీ తెలుసు.

లేచి మెస్సు వంటగదికి నడిచాడు, కాస్త పసుపు అడగడానికి.