కొలత రోజు

కుట్టుమిషన్ తొక్కే అక్క కుడి మణికట్టు విరగడం ఆమె తమ్ముడు కళ్లారా చూశాడు. చూసి సైకిల్ దిగాడు. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. తర్వాత ఆరు రోజులపాటు అతన్ని తిననివ్వకుండా చేసింది విరిగిన ఆ చెయ్యి కాదు, సైకిల్ హ్యాండిల్‌ని వదలని తన చేతులు.

అప్పటికి తొమ్మిది రోజులుగా ఊరి కొళాయిల్లో చుక్క లేదు. ట్యాంకర్ల షెడ్డు బయట, రోడ్డు పక్కన, లావుపాటి ఇనుప గొట్టం అతుకు దగ్గర సన్నగా కారుతోంది. ఆ కారే నీళ్ల కింద ఆడవాళ్లు వరసగా బిందెలు పెట్టుకున్నారు. ఒక్కో బిందె నిండడానికి అరగంట. కాపలావాడు గేటు తెరుచుకుని వచ్చి, కారే నీళ్లయినా సరే అవి ఓనరుగారివేనన్నాడు. మట్టిలోకి పోయేవి మాకిస్తే ఆయనకేం తరిగిపోతుందని అక్క అడిగింది. వాడు వరస మొదటి బిందెను కాలితో తన్నాడు. అది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పడగొట్టుకుంటూ పోయాయి. తన బిందెను పట్టుకోబోయిన అక్క చెయ్యి గొట్టానికీ దాని సిమెంటు దిమ్మకీ మధ్య ఇరుక్కుంది. కాపలావాడు ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది.

తమ్ముణ్ణి ఊరంతా తాడు బాబాయి అంటారు. భూగర్భజలాల ఆఫీసులో చిన్న ఉద్యోగం. షెడ్డు ఎదురుగా, తాళం వేసిన ఇనుప మూత ఉన్న సర్కారు బోరు ఒకటుంది. అందులోంచి ఎవరూ నీళ్లు తోడరు. అది కొలతకే. నెలకొకసారి అతను మూత తీసి, తాడు చివర బోర్లించి కట్టిన ఇత్తడి గ్లాసును కిందికి వదులుతాడు. గ్లాసు అంచు నీటిని తాకగానే 'టప్' మని చప్పుడొస్తుంది. ఎంత తాడు దిగిందో అంత లోతున నీళ్లున్నట్టు. ఆ అంకె రిజిస్టరులో రాస్తాడు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఆ చప్పుడు చెవిలో పడ్డప్పుడల్లా లోకంలో ఒక్క విషయమైనా తనకు కచ్చితంగా తెలుసన్న తృప్తి కలిగేది.

అతను కొలతకు వచ్చిన రోజున కొళాయిల్లో నీళ్లొస్తాయి. ఏ నెలా తప్పలేదు. అందుకే ఆడవాళ్లు అతను కనబడితే కుర్చీ వేసేవాళ్లు. బాబాయిది చల్లని చెయ్యి, వారానికోసారి కొలవమని ఆఫీసువాళ్లకు అర్జీ పెడదామని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు తన మొహం మీద ఎలా నిలబడేదో తలచుకుంటే ఇప్పుడు అతనికి ఒళ్లు జలదరిస్తోంది.

ఎందుకంటే కారణం అతనికి తెలుసు. నాలుగేళ్ల కిందట తాడు మార్చాడు. కొత్తతాడు సాగుతుందేమో చూసుకుందామని, కొలత రోజు కాని రోజున, మిట్టమధ్యాహ్నం వచ్చి గ్లాసు వదిలాడు. నలభై ఐదు మీటర్ల తాడూ దిగిపోయింది. చప్పుడు రాలేదు. వారం కిందటే రిజిస్టరులో ఇరవై ఎనిమిది అని రాసిన చేత్తోనే ఖాళీ తాడు పైకి లాక్కున్నాడు. షెడ్డు వెనక ట్యాంకర్ల ఓనరు పన్నెండు బోర్లు హోరెత్తుతున్నాయి. కొలత తేదీ ఆఫీసు నుంచి అతనికంటే ముందు ఎవరికి చేరుతోందో అప్పుడర్థమైంది. రెండు రోజుల ముందే ఆ పన్నెండూ ఆపేస్తారు. పాతాళంలోకి దిగిన నీళ్లు ఊపిరి పీల్చుకుని పైకొస్తాయి, ఊరి కొళాయిల బోరుకూ అందుతాయి. అతను వచ్చి, కొలిచి, రాసి పోతాడు.

ఒక్క అబద్ధమూ రాయలేదు. ప్రతి అంకె నిజమే. నాలుగేళ్లూ ఈ మాటనే దుప్పటిలా కప్పుకుని పడుకున్నాడు.

ఆ శనివారం సాయంత్రం చేతికి సిమెంటు కట్టుతో మిషన్ ముందు కూర్చున్న అక్క, సగం కుట్టిన బడిపిల్లల చొక్కాలను ఎడమ చేత్తో మడతపెడుతూ, గురువారం నువ్వు కొలతకొస్తావుగా, ఆ రోజుకి ఎలాగూ నీళ్లొస్తాయిలే, అంది. అతనక్కడే నేల మీద కూలబడి మొత్తం చెప్పేశాడు.

ఆమె చొక్కా మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"నాలుగేళ్లు," అంది చివరికి. "నాలుగేళ్లు నా ఇంట్లో నా చేతి అన్నం తిని, నేను బిందె పట్టుకుని పోతుంటే చూస్తూ కూర్చున్నావట్రా?"

"ఉద్యోగం పోతుందని..."

"ఉద్యోగం కాదు. నిన్ను మంచివాడనుకుంటున్నాం కదా, అది పోతుందని."

తల్లి పోయాక తనని పెంచింది ఈమేనని, తనలో తనే చూడని మూలలు ఈమె ఎప్పుడో చూసేసిందని అతనికి అప్పుడు తోచింది.

ఆదివారం పొద్దున్నే అక్క కుట్టు గది నిండిపోయింది. పాత ఊరి ఆడవాళ్లు, ముసలి తాపీమేస్త్రి, ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి ఒకామె. అక్క తమ్ముణ్ణి మధ్యలో నిలబెట్టి, నాకు చెప్పింది వీళ్లకీ చెప్పమంది. చెప్పాడు. తిట్లకు సిద్ధపడే ఉన్నాడు. కానీ ఒకామె, ఆయన కూర్చోవడానికి మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఇచ్చాను కదే, అంది, తనలో తను చెప్పుకున్నట్టు. అతనికి తిట్లే నయమనిపించింది.

మేస్త్రి అవునవునన్నాడు. కొలత ముందు రెండు రోజులూ ట్యాంకర్లన్నీ రిపేరని చెప్పి లోపలే ఉంటాయి. అందరం చూస్తూనే ఉన్నాం, అదీ, కొళాయిల్లో నీళ్లు రావడమూ కలిపి చూసుకోలేదు. తర్వాత గొంతు పెంచి, ఇంక మాటలెందుకు, గడ్డపారలు తీసి మోటార్లు పగలగొడదామన్నాడు. సగం మంది లేచారు. ఇంకొకామె క్వార్టర్లావిడ వైపు వేలు చూపించి, మీరొచ్చాకే మాకీ కరువు, మీకు కొళాయిలివ్వడానికే కదా ఆఫీసువాళ్లు ముప్పయ్యేళ్ల ప్లానంటూ ఇంకో ఇరవై బోర్లేస్తున్నది, అంది.

"అయితే మేం ఎక్కడ తాగాలమ్మా? పనికి రమ్మన్నారు, వచ్చాం. నీళ్లు మానేసి రమ్మనలేదుగా," అంది క్వార్టర్లావిడ. తామూ ఆ ట్యాంకరే కొనుక్కుంటున్నామని, జీతంలో నాలుగో వంతు దానికే పోతోందని చెప్పింది.

గొడవ పెరుగుతుంటే అక్క కట్టున్న చేత్తోనే బల్లను కొట్టింది. నొప్పికి మొహం పాలిపోయింది.

"నువ్వు తాగేదీ నేను తాగేదీ కలిపితే ఆ పన్నెండు బోర్ల ముందు ఎంత? మోటార్లు పగలగొడితే రేపటికి కొత్తవొస్తాయి, మనం లోపలుంటాం. వాళ్లు దాస్తున్నది నీళ్లొక్కటే కాదు, లోతు. లోతు మన చేతికి రానీ. శుక్రవారం బళ్లో సభ పెట్టి ప్లాను ఒప్పుకోమంటున్నారుగా. అక్కడ అడుగుదాం."

మీటర్లు మాకు తెలియవన్నారు కొందరు. చేతులు చాపితే ఒక బార, అది అందరికీ తెలుసుగా, అంది అక్క. పాత నులకతాడు తెచ్చారు. బారకొక ముడి వేశారు. ముడి ముడికీ అక్క దగ్గరున్న గుడ్డపేలికలు కట్టారు, ప్రతి పదో ముడికీ ఎర్రది. తాడు బాబాయి గ్లాసు బోర్లించి ఎలా కట్టాలో చూపించాడు. వదలడం, వేళ్ల మధ్య బరువు తగ్గడం గమనించడం, ఊపిరి బిగబట్టి వినడం నేర్పాడు. పద్నాలుగేళ్లుగా తనొక్కడే దాచుకున్న చప్పుడు పది మంది చెవుల్లో పడుతుంటే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. బోరు తాళంచెవి జేబులోంచి తీసి అక్క ఎడమ చేతిలో పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నం తాడు ముప్పై బారలు దిగాకే సర్కారు బోరులో నీళ్లు తగిలాయి. మంగళవారం పొద్దున్న మోటార్లు ఆగాయి. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు. బుధవారం పంతొమ్మిది. కొళాయిలు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, పారాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. గురువారం అతను ఆఫీసు తాడుతో కొలిచి ఇరవై ఎనిమిది మీటర్లని రాస్తుంటే, పక్కనే అక్క తాడు పదహారు బారల్లోపే తడిసింది. రెండూ ఒకటే. రెండూ నిజమే.

శుక్రవారం బడి హాల్లో ఇంజనీరు తెరమీద గీతలు చూపించాడు. చదునైన నీలి గీత ఒకటి పద్నాలుగేళ్ల పొడవునా సాగింది. జనాభా రెండింతలైనా ఈ నేల తట్టుకుంటుందని, ఓనరుగారు పెద్దమనసుతో కొత్త బోర్లకు స్థలమిస్తున్నారని చెప్పాడు. ఓనరు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అక్క లేచి తాడు విప్పింది. ఒక కొస క్వార్టర్లావిడ పట్టుకుని వెనక గోడ దాకా నడిచింది. హాలు చాలలేదు. తాడు గుమ్మం దాటి వరండాలోకి పోయింది. అక్క పదహారో ముడి దగ్గర నిలబడి, ఇది మీ కొలత రోజు, అంది. వరండాలోంచి క్వార్టర్లావిడ ముప్పయ్యో ముడి పట్టుకుని, ఇది సోమవారం, అని కేకేసింది.

కొలతంటే బోర్లు ఆపాకే తియ్యాలి, అది శాస్త్రం, అన్నాడు ఇంజనీరు. ఆపడం శాస్త్రమే కావచ్చు, మిగతా ఇరవై ఎనిమిది రోజులూ తోడేది కూడా రాయండి, అన్నాడు మేస్త్రి. వానకు ఎంత ఇంకితే అంతే తోడాలి, ముందు పాత ఊరికీ క్వార్టర్లకీ, మిగిలితేనే ట్యాంకర్లకు, తాడు మా చేతిలోనే ఉండాలి. ఇదే మా ప్లాను, రాసుకోండి, అని ముగించాడు. ఇవన్నీ చదువురానివాళ్ల లెక్కలని ఇంజనీరు కొట్టిపారేశాడు.

తాడు బాబాయి లేచాడు.

"ఆ నీలిగీత నేను గీసిందే సార్. ఓనరుకు తేదీ ముందే తెలుస్తోందని తెలిసీ నాలుగేళ్లు గీశాను. ఇంక గీయను."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను కోరుకున్నదీ అది కాదు. కుర్చీ ఇచ్చిన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. క్షమించిందో లేదో తెలియలేదు.

అతని మాటే అతని మీద కేసయింది. సర్కారు రికార్డు పాడుచెయ్యడం, సర్కారు బోరు బయటివాళ్లకు అప్పగించడం. హెడ్మాస్టరు గదిలో పోలీసులు రెండు గంటలు కూర్చోబెట్టి కాగితాలు రాశారు. తాళంచెవి ఏదన్నారు. నా దగ్గర లేదన్నాడు. జీపెక్కించారు.

షెడ్డు దగ్గర జీపు ఆగాల్సొచ్చింది. కొలత అయిపోయిందని పొద్దున్నే పన్నెండు బోర్లూ మొదలుపెట్టారు. ట్యాంకర్లు రోడ్డు పొడవునా హోరుమంటూ నిలబడ్డాయి. ఎదురుగా సర్కారు బోరు చుట్టూ మూడు వరసల జనం. మూత తెరిచి ఉంది. అక్క ఎడమ చేత్తో తాడు వదులుతోంది. పేలికలు ఒక్కొక్కటీ గొట్టంలోకి మాయమవుతున్నాయి. మేస్త్రి ట్యాంకరు డ్రైవర్ల దగ్గరికెళ్లి, బాబూ, ఇంజన్లు కాస్త ఆపండి, నీళ్లు వినబడాలి, అంటున్నాడు. కాపలావాడు అరుస్తున్నాడు. మొదటి డ్రైవరు ఓసారి షెడ్డు వైపు, ఓసారి అక్క చేతి కట్టు వైపు చూసి తాళం తిప్పాడు. రెండోవాడు ఆపాడు. మూడోవాడు. హోరు బండి బండికీ తగ్గుతూ వచ్చింది. చివరికి రోడ్డు మీద జీపు ఒక్కటే మోగుతోంది. దాని డ్రైవరు పక్కనున్న ఎస్సై వైపు చూడకుండా దాన్నీ ఆపేశాడు.

జీపులో తాడు బాబాయి ఊపిరి బిగబట్టాడు. ఇరవయ్యో ముడి ఎర్రపేలిక దిగిపోయింది. అక్క కట్టున్న చెయ్యెత్తింది. మూడు వరసలూ కదలకుండా వింటున్నాయి.

చప్పుడు ఇంకా రాలేదు. తాడు దిగుతూనే ఉంది.