కంచు నోరు విప్పిన రోజు

పొద్దున్నే అలవాటు కొద్దీ గొంతు సవరించుకోబోయి, సగంలోనే ఉలిక్కిపడి ఆగిపోయాడతను. ఆ కాస్త చప్పుడుకే పక్క చాప మీది వడ్రంగి తల తిప్పి చూశాడు. భార్య చటుక్కున తువ్వాలు అతని నోటికి అడ్డం పెట్టి, "గొంతులో పుండు. మాట్లాడొద్దన్నాడు డాక్టరు" అంది, ఎవరూ అడక్కుండానే. పైగా నవ్వు తెచ్చిపెట్టుకుని, "కాపురానికొచ్చిన ఇన్నేళ్ళకి ఇప్పుడు నెగ్గుతోంది నా మాట" అని కూడా అంది. వడ్రంగి నవ్వలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

ఎత్తు మీదున్న కాలేజీలో మేడ మీది గది అది. బెంచీలన్నీ ఒక గోడకి పేర్చి, మిగిలిన నేలంతా మనుషుల్ని పరిచారు. ముక్కిపోయిన తడి బట్టల వాసన, ఫినాయిలు వాసన, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పసిపిల్లల ఎక్కిళ్ళు. కిటికీలోంచి చూస్తే ఊరు కనబడలేదు. కరెంటు స్తంభాల తలలు, మేడల పిట్టగోడలు, వాటి మధ్య మట్టిరంగు నీళ్ళు సుడులు తిరుగుతూ. అవతల నూలు మిల్లు కప్పు మీద చీమల్లా జనం.

అతన్ని ఊరంతా కంచు అంటుంది. చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళే అందరూ. నెత్తిన రెండు మైకు హారన్లు కట్టిన వ్యానులో, తెర వెనక కూర్చుని, సగం జీవితం ఊరితో మాట్లాడుతూనే గడిపాడు. బట్టల దుకాణంలో తగ్గింపు, హాల్లో మారిన సినిమా, రాని కుళాయి నీళ్ళు, తప్పిపోయిన పిల్లలు, కాలం చేసిన పెద్దలు. కుర్రతనంలో తోపుడుబండి మీద ఉల్లిపాయలమ్ముతూ కేకేస్తే, మేడ మీంచి విన్న సినిమాహాలు మేనేజరు పరుగున దిగొచ్చి, ఉల్లిపాయలు మొత్తం కొనేసి మరీ వెంటబెట్టుకుపోయాడు. అప్పట్నించీ మాట వాళ్ళది, గొంతు తనది. ఎవరేం చెప్పమంటే అదే చెప్పాడు. ఆ ఏర్పాటులో తప్పుందని ఎన్నడూ తోచలేదు.

వరద ముందటి సాయంత్రమూ అంతే. ఆఫీసులో అధికారి, "ఏటిగట్టు దిట్టంగా ఉంది, పుకార్లు నమ్మొద్దు, ఎవరూ ఇళ్ళు వదలొద్దు అని చెప్పు" అన్నాడు.

కంచు దారిలో గట్టు చూసే వచ్చాడు. "నీళ్ళు పైరాళ్ళకి తగులుతున్నాయి సార్" అన్నాడు నసుగుతూ.

"నువ్వు ఇంజనీరువా? రేపు పెద్దాయన సభ. జనం మూటాముల్లె సర్దుకుపోతే ఆయన ఖాళీ కుర్చీలకి ప్రసంగిస్తాడా?"

కంచు వీధి వీధీ తిరిగాడు. మూటలతో గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఆ గొంతు విని మూటలు లోపల పెట్టేసుకున్నారు. విడ్డూరమేమిటంటే, చెప్పగా చెప్పగా అతనికీ ధైర్యం వచ్చింది. ఇంటికొచ్చి కడుపునిండా తిని, భార్యని కూడా పడుకోమన్నాడు. తెల్లవారకుండానే గట్టు తెగింది. మంచం కోళ్ళు తేలిన చప్పుడుకి మెలకువ వచ్చి, ఇద్దరూ కట్టుబట్టలతో కప్పెక్కారు.

ఇప్పుడీ గదిలో ఉన్నవాళ్ళెవరూ తన వీధివాళ్ళు కాదు. అదొక్కటే అతని అదృష్టం. మాట్లాడనంతసేపూ అతనెవరో ఎవరికీ తెలీదు.

గుమ్మం దగ్గరి చాప చెవిటి పెద్దమ్మది. గొడుగులు బాగుచేసే తాత భార్య. వచ్చిన నాడే అతని పక్కకి జరిగి కూర్చుని, "నువ్వు మాట్లాడవు, నాకు వినపడదు. సరిపోయింది మనిద్దరికీ" అంది, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో. కంచుకి ఆవిడ పక్కన కాస్త ఊపిరాడేది. ఆవిడ ఒకటే కథ చెప్పేది. "మైకులో చెప్పారట బాబూ. నాకేం తెలుసు? మా ఆయనే విని చెప్పాడు. కంచు చెప్పాడే, ఇంక బెంగలేదు పడుకో అన్నాడు. పడవలో ఆడవాళ్ళనే ముందెక్కించారు. నువ్వు పద, వెనకే వస్తానన్నాడు."

అని, కిందకి వేలు చూపించేది. కింద వరండాలో బల్ల మీద బ్యాటరీ మైకు. తప్పిపోయినవాళ్ళని ఒక గుమాస్తా నిద్రలేని కళ్ళతో గబగబా పిలుస్తూ ఉంటాడు. హారన్లు గోడకేసి ఉన్నాయి. గోల తప్ప మాట పుట్టడం లేదు.

"మా ఆయన్ని పిలుస్తున్నారా?"

కంచు తలూపేవాడు. నోరు మూసుకుని కూడా అబద్ధమాడొచ్చని అప్పుడే తెలిసింది అతనికి.

మధ్యాహ్నానికి పెద్దాయన వచ్చాడు. ముట్టుకుంటే మాసిపోయే తెల్లబట్టలు, కాళ్ళకి రబ్బరు బూట్లు. కాలేజీ ఆవరణలో బల్ల మీదకెక్కి, "మేం ముందే హెచ్చరించాం. వీధివీధికీ మైకు పంపించాం. కొందరు అశ్రద్ధ చేశారు, ఏం చేస్తాం?" అన్నాడు.

 ఎక్కడి నుంచో బురద చెప్పొకటి ఎగిరొచ్చి బల్ల కాలికి తగిలింది. అంతే, జనం భగ్గుమన్నారు. "అశ్రద్ధా? మీ కంచుగాడే కదా ఇళ్ళు వదలొద్దంది!" "మా పిల్లదాన్ని నిద్రపుచ్చి మరీ చంపాడు!"

మేడ మీది వసారాలో, కంచుకి భుజం తగిలేంత దగ్గర్లో, వడ్రంగి పిట్టగోడ మీదకి వంగాడు. నీళ్ళలోంచి పనిముట్ల సంచీ ఒక్కటే తెచ్చుకున్నాడతను. చేతిలో ఉలి ఉంది. "వాడు దొరికితే నాలుక ఊడబెరుకుతా! నా తమ్ముణ్ణి వెనక్కి తెచ్చిస్తాడా వాడు?"

 కంచు గోడ పట్టుకోబోతే చెయ్యి జారింది. వడ్రంగి చప్పున మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "కళ్ళు తిరుగుతున్నాయా? కూర్చో, కూర్చో. నీళ్ళు తాగుతావా?" ఆ చెయ్యి ఎంతో మెత్తగా పట్టుకుంది. అందుకే కంచు మరీ తల ఎత్తలేకపోయాడు.

పెద్దాయన వెళ్ళీ వెళ్ళకముందే అవతలి పార్టీ నాయకుడు దిగాడు. "ఆ కంచుని వీళ్ళే దాచేశారు. వాణ్ణి మీ ముందు నిలబెట్టే పూచీ నాది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇరువైపుల మనుషులూ గదులన్నీ వెతకడం మొదలెట్టారు. ఒకరికి అతను హెచ్చరించానని చెప్పాలి. ఇంకొకరికి, ఎవరు చెప్పిస్తే చెప్పాడో చెప్పాలి. ఆ తర్వాత అతనేమైతే ఎవరికి కావాలి?

టార్చి పట్టుకున్న మనిషొకడు కంచు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇతనేం మాట్లాడడు?"

"పుండండీ. డాక్టరు వద్దన్నాడు" అంది భార్య. ఆమె గోళ్ళు కంచు అరచేతిలోకి దిగిపోతున్నాయి.

"నోరు తెరువు."

కంచు తెరిచాడు. ఆ మనిషి టార్చి వేసి, మాట లోపలెక్కడైనా కనిపిస్తుందేమో అన్నట్టు తొంగిచూశాడు. గొంతు ఎండిపోయి, ఎర్రగా, నిజంగానే పుండులా ఉన్నట్టుంది. మొహం చిట్లించి లేచిపోయాడు.

పొద్దు వాలుతుండగా కేక పుట్టింది. మిల్లు వెనకగోడ కూలిందట. కప్పు మీదివాళ్ళని పడవల్లో దించి, అటు నుంచి అటే లారీలెక్కించి వేరే ఊళ్ళకి పంపేస్తున్నారట. ఎవరు ఎటు పోతున్నారో రాసుకునే నాథుడు లేడు. జనం మెట్ల మీంచి పొర్లిపోయి నీళ్ళ ఒడ్డుకి చేరారు. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఆ అరుపుల్లో ఏ పేరూ నీళ్ళు దాటలేదు.

పెద్దమ్మ లేచింది. ఎవరూ చూడకుండా జనాన్ని తప్పించుకుని, కాలేజీ మెట్ల మీంచి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, నడుము. తన గొంతు తనకే వినపడని మనిషి, మొగుణ్ణి పిలుస్తోంది. "ఏమయ్యా! ఇక్కడున్నా! ఏమయ్యా!"

కంచు పరిగెత్తి ఆవిడ జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆవిడ ఒళ్ళు పిట్టంత తేలిగ్గా ఉంది. గట్టెక్కించి, నేరుగా మైకు వైపు నడిచాడు. భార్య అడ్డమొచ్చి చొక్కా పట్టుకుంది. "వద్దండీ. నా మాట వినండి. చంపేస్తారు." అతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు. 

హారన్లు రెండూ మిల్లు వైపు తిప్పాడు. గుమాస్తా చేతిలోంచి మైకు తీసుకుంటే, అతను బతికిపోయానన్నట్టు వదిలేశాడు.

"హలో."

ఆ ఒక్క ముక్కకే ఆవరణంతా కొయ్యబారింది. ఏడుస్తున్న పసివాళ్ళు కూడా ఆగారేమో అనిపించింది. వందల తలలు ఇటు తిరిగాయి. కంచు కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ ఎటు నుంచి పడుతుందో చూడదలుచుకోలేదు.

"మిల్లు మీదున్నవాళ్ళకి చెబుతున్నా. గొడుగులు బాగుచేసే తాతా. నీ ఇల్లాలు కాలేజీలో ఉంది. బాగుంది. వినబడితే గుడ్డ ఊపు."

నీళ్ళ మీద ఆ గొంతు విడివిడి మాటలుగా, తొందర లేకుండా వెళ్ళింది. కాసేపటికి కప్పు మీద ఒక గుడ్డ లేచింది. పక్కనే ఇంకోటి. ఆ వెంటనే కప్పంతా గుడ్డలే. ఎవర్ని పిలిచినా అందరూ ఊపేలా ఉన్నారు.

గుంపులోంచి దారి చేసుకుంటూ వడ్రంగి వచ్చాడు. బల్లకి అటువైపు నిలబడ్డాడు. "నువ్వేనా?"

"నేనే."

"ఆ రోజు చెప్పింది కూడా?"

"నేనే, అన్నా."

వడ్రంగి దవడ కదిలింది. ఉలి పిడి మీద వేళ్ళు తెల్లబారాయి. కంచు అతని చేతినే చూస్తున్నాడు. వడ్రంగి బల్ల మీదకి వంగాడు.  "నా తమ్ముడు. కుంటికాలు. నీలం చొక్కా. పిలువు."

కంచు పిలిచాడు. వడ్రంగి వెనక ఒకావిడ వచ్చి నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకరు. చూస్తుండగానే వరస మెట్ల దాకా పెరిగింది. తిట్టినవాళ్ళూ, చెప్పు విసిరినవాళ్ళూ అందులోనే ఉన్నారు. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. మనిషి గుర్తులు చెప్పి, పక్కకి తప్పుకుని, చెవులు రిక్కించి నిలబడ్డారు. అతనికి మాటలు రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. తోచినట్టే పిలిచాడు.

చీకటి పడేలోగా పడవలు కొందరిని ఇటు తెచ్చాయి. నీలం చొక్కా కుంటివాణ్ణి వడ్రంగి ఎత్తుకుని దించాడు. గొడుగుల తాత రాలేదు. అలాంటి ముసలాయన్ని ఇందాక లారీ ఎక్కించినట్టే గుర్తన్నాడు పడవవాడు, గట్టిగా చెప్పలేకపోయాడు. పెద్దమ్మ వచ్చి, "పిలిచావా బాబూ?" అని అడిగింది. తలూపాడు. ఆవిడ అతని పెదాలు చూసి, గొంతు మీద చెయ్యేసి తడిమి, చకచకా వంటశాల వైపు వెళ్ళింది.

కాలేజీ వెనక రోడ్డు మీద జీపు ఆగింది అప్పుడే. దిగినవాళ్ళలో టార్చి మనిషి ఉన్నాడు. "భలే పుండురా నీది" అని నవ్వాడు. "పెద్దాయన పిలుస్తున్నారు, పద. హెచ్చరించానని పేపరువాళ్ళ ముందు ఒక్క ముక్క చెప్పు. నీ జోలికెవరూ రారు."

"నేనేం చెప్పానో ఊరంతా విన్నది సార్" అన్నాడు కంచు. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"సరే, ఎక్కు. అక్కడ మాట్లాడుకుందాం."

చెరో రెక్కా పట్టుకున్నారు. జనం కొట్టలేదు. అలాగని అడ్డమూ రాలేదు. వడ్రంగి ఒకడుగు ముందుకేశాడు. తమ్ముడు అతని చొక్కా పట్టుకున్నాడు, ఆగిపోయాడు. "ఎక్కడికి తీసుకెళ్తున్నారండీ? ఎప్పుడు పంపిస్తారు?" అంటూ భార్య జీపు వెంట మలుపు దాకా పరిగెత్తింది. 

ఆ రాత్రి అతను రాలేదు. మర్నాడూ రాలేదు. ఊరిని ముందే హెచ్చరించానని కంచు ఒప్పుకున్నట్టు రేడియోలో చెప్పారు. చెప్పింది వేరెవరో. అతని గొంతు మళ్ళీ ఎవరికీ వినబడలేదు.

జీపు చప్పుడు వినపడని పెద్దమ్మ అతని గొంతు కోసమని అడిగి తెచ్చి, మైకు పక్కన పెట్టిన వేడి ఉప్పునీళ్ళ గ్లాసు, ఎవరూ ముట్టుకోక, చల్లారిపోయి, అడుగున సన్నటి తెల్లటి పొరతో ఆ బల్ల మీదే ఉంది.