వెనక గది తలుపు బందు

"మళ్ళీ బిగించాను, ఇక కదలదు" అంటూ మా ఆయన స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. దాన్ని తిరిగి డబ్బాలో పెట్టడం నా పని. ఆయన హాల్లోకి చేరేలోపే వెనక గది తలుపు పై బందు గుమ్మం నుంచి ఊడొచ్చింది. తలుపు ఓ పక్కకి ఒరిగి, నేలను గీరుకుంటూ అరచెయ్యంత తెరుచుకుని ఆగింది. వరసగా ఇది ఐదో ఆదివారం. మా ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు. వాటి మీద రోజూ బస్సులు తిరుగుతాయని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పైగా తప్పు నాదేనట, నేను తలుపు విసురుగా వేస్తానట. అసలు మూసుకోని తలుపును విసురుగా ఎలా వేస్తారో ఇంజనీరు గారే చెప్పాలి.

నేను పన్నెండేళ్ళుగా గుమాస్తాగా ఉన్న ఆఫీసులో సూపరింటెండెంటు పరీక్షకి ఇంకా పదకొండు రోజులుంది. కిందటిసారి రెండు మార్కుల్లో పోయింది. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. నాకు కావలసిందల్లా ఆ గదిలో చదువుకోవడానికి సాయంత్రం రెండు గంటలు మూసుకునే తలుపు. సందు కనిపిస్తే చాలు, అందులోంచి నేను అందరికీ తీరిగ్గానే కనిపిస్తాను. నెత్తి మీద పెట్టుకున్న కళ్ళజోడు ఎక్కడుందో అడగడానికి ఆయన రెండు గదులు దాటి వస్తాడు. "తలుపులేసుకుని చదవడానికి నువ్వేమన్నా పదో తరగతా అమ్మాయ్" అని అత్తగారు ఆ సందులోంచే నవ్వుతుంది. ఈ మనుషుల మీద కోపం కూడా దండగ అనిపిస్తుంది నాకు.

సోమవారం ఆఫీసులో బల్లలు బాగుచేసే వడ్రంగిని అడిగాను. అతను రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"స్క్రూ తప్పేం లేదమ్మా, చిల్లు గుల్లయింది. పుల్లలు కూరి స్క్రూకి పట్టివ్వండి."

ఐదు వారాలుగా మా ఆయన గుల్లలో స్క్రూ తిప్పుతున్నాడన్నమాట. ఆ సాయంత్రమే అగ్గిపుల్లల తలలు విరిచి, జిగురులో ముంచి చిల్లుల్లోకి దిగ్గొట్టాను. మర్నాటికి గట్టిపడ్డాయి. తలుపు కింద పాత రిజిస్టరు ఎత్తుపెట్టి స్క్రూలు తిప్పితే చివరి తిప్పుకి మణికట్టు నొప్పి పుట్టింది. అంత మంచి నొప్పి ఈమధ్య ఎరగను. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

మా ఆయన నాలుగుసార్లు వేసి తీసి చూసి, తమ్ముడికి ఫోన్ చేశాడు. మా మరిది తన కంప్యూటర్లతో ఆఫీసు పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నాడు.

"వెనక గది తలుపు బాగుచేశాంరా. రేపు సామాను తెచ్చేసుకో."

చేశాం అట. ఫోన్ పెట్టేసి, నా పుస్తకాలు వంటింటి అటక మీద సర్దేయమన్నాడు. గది ఖాళీగానే ఉంది కదా అన్నాడు. నన్ను అడగాలన్న ఊహే ఆ బుర్రలోకి రాలేదు. నేను నోట్సు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టాను. కాసేపటికి తట్టాడు.

"ఏం చేస్తున్నావ్ లోపల? ఖాళీగానే ఉన్నావుగా, తలుపు తియ్యి."

"ఖాళీ లేదు" అన్నాను.

ఖాళీ లేనిది గదికో, నాకో ఆయన్నే తేల్చుకోమని పుస్తకం తెరిచాను.