పేరు తెలియని ముత్తవ్వ ఎత్తు

సాయంత్రమయ్యేసరికి అమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. ఆవిడ ప్రార్థన సన్నటి తెల్లదారంలా పైకప్పు దాటి నిటారుగా లేస్తుంది. పక్షులు దాన్ని తప్పుకుని పోతాయి. మందులు మోసే చిన్న విమానం నడిపే తమ్ముడు దాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని దిగుతాడు. ఇంటి వెనకే ఉన్న వాతావరణ కేంద్రంలో పనిచేసే అక్క దాన్ని చూసి, పొయ్యి వెలిగించే వేళయిందనుకుంటుంది.

ఆ రోజు అక్కకి పొయ్యి ధ్యాసే లేదు. కొండల అవతల అగ్నిపర్వతం బూడిద కక్కుతోందని కబురు. అది ఇంజన్లోకి పోతే కరిగి గాజులా అతుక్కుంటుంది. పైన ఉందో లేదో లేజరే చెప్పాలి. కిరణం పైకి పోయి ధూళికి తగిలితే, వెనక్కొచ్చే వెలుగుని దుర్భిణి పట్టుకోవాలి. అందుకు రెండూ ఒకే చోటికి చూడాలి. పొద్దున వాటిని సరిచేసింది ఇంజనీరు. అందరూ అతన్ని తొందరబాబు అంటారు.

"తెర మీద గీత ఎంత బాగా లేచిందో చూడండి మేడమ్! పైనంతా శుభ్రం."

"లేచింది ఊరి పొగ దగ్గర. దగ్గరి వెలుగు ఎక్కువ రావాలని కిరణం అద్దాన్ని తిప్పేశావు. పైకి పోయేసరికి కిరణానిదో దారి, దుర్భిణిదో దారి. చూడని చోట ఏమీ లేదంటే ఎలాగయ్యా?"

ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, పైన ఖాళీయేనని తొందరబాబు చెప్పాడు, బయల్దేరనా?"

"నేను చెప్పేదాకా కదలకు."

"నువ్వు చెప్పేసరికి నా గడ్డం నెరుస్తుంది. చీకటి పడకముందే ఎగరాలి. ఇంకాసేపు చూస్తా, అంతే."

అక్క పరుగున ఇంట్లోకి పోయింది.

"అమ్మా, నీ దారం ఊరి పొగలోనే ఆగిపోతోంది. కిరణాన్నీ దుర్భిణినీ దాని కొసకే గురిపెట్టాలి, ఇవాళ ఇంకా పైదాకా కావాలి."

"ఇంట్లోవాళ్ళని తలుచుకుంటే అంతే ఎత్తు. పైకి పోవాలంటే పాతవాళ్ళని తలుచుకోవాలి. నీ మర కోసం వాళ్ళని లేపమంటావా?"

"తమ్ముడి కోసం."

అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది. నాన్న పేరుతో దారం పొగని దాటింది. తాత, ముత్తాతల పేర్లతో మబ్బుల్ని దాటింది. ఆ పైన, ఇంతమందికి మూలమైన ముత్తవ్వ ఉంది. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు.

"నీ పేరు మాకెవరూ చెప్పలేదు తల్లీ. నీ పిల్లలమే" అంది అమ్మ.

దారం ఒక్క ఊపున ఆకాశం నెత్తికెక్కింది.

అక్క దుర్భిణిలో దారం కొసని నడిమధ్యకి తెచ్చుకుంది. అద్దాన్ని కదిపే మరని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతూ, ఆకుపచ్చ కిరణాన్ని దారం పక్కనే కొసదాకా నిలబెట్టింది.

"మేడమ్, కింద వెలుగు తగ్గిపోతోంది!"

"తగ్గనీ. పైన చూడు."

అప్పటిదాకా చదునుగా ఉన్న గీత, పైన తమ్ముడు ఎగిరే ఎత్తులో, ఉబ్బెత్తుగా లేచింది. "అమ్మో, బూడిద!" అన్నాడు తొందరబాబు.

"ఇంజన్ ఆపెయ్" అంది అక్క ఫోన్లో. "మందులు లారీలో పంపు."

తమ్ముడు సణుక్కుంటూ ఇంటికొచ్చి, సణుక్కుంటూనే తిని పడుకున్నాడు. తెల్లారి విమానం దగ్గరికి పోయి రెక్క మీద వేలు రాశాడు. రాత్రి రాలిన బూడిద గరగరమంది. వేలి కొస నుంచి నెత్తురు చుక్క ఉబికింది. దాన్ని తుడుచుకుని, అక్కకి ఫోన్ చేశాడు.

"ఎప్పుడు ఎగరమంటావక్కా?"

"చెప్తాలే. ఇంజన్‌కి గుడ్డ కప్పి, వచ్చి అన్నం తిను."